పట్టికలో ఖాళీగా వదిలిన రెండు గడులు

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ నాలుగో సెమిస్టర్‌లో మాకు ప్రాజెక్టు ఉంటుంది. మా బ్యాచ్‌లో చాలామంది నలుగురైదుగురు జట్టు కట్టి హైదరాబాద్ వెళ్ళి మందుల కంపెనీల్లో చేశారు. సరిగ్గా ఆ నెలలోనే నాన్నకు ఆపరేషన్ అయింది. నేను ఊరు కదిలే పరిస్థితి లేదు. ఒక్కదాన్నే, ఇంటి దగ్గర ఉండి చేసుకోగలిగేది ఏదైనా చెప్పమని గైడ్ మేడమ్‌ని అడిగాను. "మీ ఊరి నీళ్ళ మీద చెయ్యి" అన్నారు. "అది అందరూ చేసేదే కదా మేడమ్" అన్నాను. "అందరూ చేశారు సరే, మీ ఊరి బోర్ల లెక్క ఎవరి దగ్గరుంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అలా మొదలైంది.

మాది కనిగిరికి దగ్గరి పల్లె, అప్పట్లో ప్రకాశం జిల్లా పడమటి వైపు. మా నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని చెప్పడానికి ఎమ్మెస్సీ చదవక్కర్లేదు. గోధుమ రంగు చారలు పడ్డ పళ్ళు, వయసు మళ్ళకముందే బిగుసుకుపోయిన మోకాళ్ళు ఏ వీధిలో చూసినా కనిపిస్తాయి. ఏ బోరులో ఎంత ఉందంటే మాత్రం ఎవరూ చెప్పలేరు. ఊళ్ళోనూ పక్కనున్న రెండు పల్లెల్లోనూ కలిపి 24 బోర్లు ఎంచుకున్నాను. పీహెచ్, కరిగిన లవణాలు, కఠినత్వం, క్లోరైడ్, ఫ్లోరైడ్, ఈ ఐదూ చూడాలి.

నీళ్ళు పట్టుకొచ్చిన కథ పెద్దగా చెప్పను. ఫిబ్రవరిలో తమ్ముడి బండి మీద తిరిగాను. అరలీటరు ప్లాస్టిక్ సీసాలు, ఎందుకంటే ఫ్లోరైడ్‌కి గాజు పనికిరాదు. ముందు ఐదు నిమిషాలు పంపు వదిలెయ్యాలి, అదే నీళ్ళతో సీసాను మూడుసార్లు తొలచాలి, ఆ తర్వాతే పట్టాలి. మొదటి రోజు అంటించిన కాగితం లేబుళ్ళు తడిసి ఊడిపోతే ఆ ఆరు సీసాలూ పారబోసి మళ్ళీ వెళ్ళాను. అప్పటినుంచి మూత మీద ఒకసారి, సీసా మీద ఒకసారి మార్కర్‌తో నంబరు వేశాను. నోట్‌బుక్‌లో బోరు నంబరు, లోతు, ఎవరింటి ముందు ఉంది, ఇంకా అక్కడి ఆడవాళ్ళు చెప్పిన కబుర్లు. కబుర్లెందుకు రాశానంటే, పంపు ఐదు నిమిషాలు పోయేదాకా ఊరికే నిలబడాలి కాబట్టి.

ల్యాబ్‌లో పని నాకు ఇష్టమే. కఠినత్వానికి ఈడీటీఏ అనే రసాయనాన్ని చుక్కచుక్కగా కలిపి కొలిచే టైట్రేషన్, ద్రాక్ష రంగు ఎరుపు ఒక్క చుక్కతో నీలంగా మారే ఆ క్షణం ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. ఫ్లోరైడ్‌కి స్పాడ్‌న్స్ అనే రంగుతో చేసే పద్ధతి. ఇది కాస్త తిరకాసు వ్యవహారం. జిర్కోనియంతో కలిసిన ఎర్రటి రంగు ద్రావణంలో మన నీళ్ళు కలిపితే అందులోని ఫ్లోరైడ్ జిర్కోనియంను లాగేసుకుంటుంది, రంగు వెలిసిపోతుంది. అంటే రంగు ఎంత తక్కువుంటే ఫ్లోరైడ్ అంత ఎక్కువ. ఎంత వెలిసిందో కలరీమీటర్ చెబుతుంది. మార్చి మధ్యకల్లా 24 బోర్లు, ఐదు పరీక్షలు, మొత్తం 120 అంకెలు నోట్‌బుక్‌లో ఉన్నాయి. "ప్రాజెక్టు అయిపోయిందమ్మా, ఇక రాయడమే" అని ఇంట్లో చెప్పాను. అమ్మ పాయసం కూడా చేసింది.

రాయడం అంటే నాకు తెలిసింది ఒకటే దారి. సీనియర్ అక్క రిపోర్టు ఫైలు తెప్పించుకున్నాను. సర్టిఫికెట్, డిక్లరేషన్, కృతజ్ఞతలు, విషయసూచిక, ఆ తర్వాత మొదటి అధ్యాయం. నీళ్ళ మీద వచ్చే ఏ రిపోర్టు అయినా భూమి మీద 71 శాతం నీరే అన్న వాక్యంతోనే మొదలవుతుంది, చూడండి కావాలంటే. నాదీ అంతే. అక్కణ్ణుంచి నీటి చక్రం, నీటి కాలుష్యం, రకాలు, కారణాలు, ఫ్లోరిన్ ఎవరు కనిపెట్టారు, ఆవర్తన పట్టికలో దాని స్థానం. ఐదు రోజుల్లో 62 పేజీలు తయారు. ఇంటర్‌నెట్‌లోంచి తీసుకున్న ప్రతి పేరాలో రెండు మూడు మాటలు మార్చాను కాబట్టి అది నా రాతే అనుకున్నాను.

మేడమ్ దాన్ని చదవకముందే లైబ్రరీకి పంపి కాపీ తనిఖీ చేయించారు. 43 శాతం అని వచ్చింది.

దీని గురించి కాస్త చెప్పాలి. 2018లో యూజీసీ, అంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం, ఒక నిబంధన తెచ్చింది. థీసిస్సులు, పీజీ ప్రాజెక్టు రిపోర్టుల్లో వేరేవాళ్ళ రాతతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా ఉంటే ఆరు నెలల లోపు చెప్పిన గడువులో తిరగరాసి ఇవ్వాలి. 40 నుంచి 60 మధ్య ఉంటే ఏడాది పాటు తిరగరాసింది కూడా ఇవ్వడానికి వీల్లేదు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. నాది డ్రాఫ్టు కాబట్టి బతికిపోయాను. ఆ కాగితం చేతిలో పెట్టుకుని స్టాఫ్‌రూమ్‌లో నిలబడ్డప్పుడు మాత్రం చెమటలు పట్టాయి. ఒక్క ఏడాది అంటే మా ఇంట్లో ఏం మాటలో నాకు తెలుసు.

మేడమ్ తిట్టలేదు. పేజీలు తిప్పుతూ పోయి ఒకచోట ఆగారు. "మీ ఊరి పేరు మొదటిసారి 36వ పేజీలో వచ్చింది. ముందున్న 35 పేజీలు చింపి పక్కన పెట్టు. ఇక్కణ్ణుంచి మొదలుపెట్టు" అన్నారు. నేను వాటిని వేరే ఫోల్డర్‌లో దాచుకున్నాను, తర్వాత ఎక్కడైనా వాడదామని. ఒక్క వాక్యం కూడా పనికిరాలేదు.

ఆవిడ చెప్పిన వరస నాకు కొత్త. ముందు పద్ధతులు రాయాలట. తర్వాత పట్టికలు, గ్రాఫులు. తర్వాత ఫలితాల మీద చర్చ. ఆ తర్వాతే పరిచయం. మొట్టమొదట కనిపించే సారాంశం అన్నిటికంటే ఆఖర్న. "ఏం తేలిందో తెలియకుండా దేన్ని పరిచయం చేస్తావ్?" అన్నారు. మేం చిన్నప్పటినుంచి వ్యాసం అంటే ఉపోద్ఘాతంతో మొదలుపెట్టినవాళ్ళం. ఈ వరస అలవాటు కావడానికే నాలుగు రోజులు పట్టింది.

పద్ధతుల అధ్యాయం తేలిక అనుకున్నాను, చేసింది రాయడమే కదా అని. కూర్చుంటే తెలిసింది నేను ఏం చేశానో నాకే సగం తెలియదని. ఈడీటీఏ ద్రావణం బలం ఏ రోజు సరిచూశాను? నోట్‌బుక్‌లో అంకె ఉంది, తేదీ లేదు. ఆ రోజు బ్యూరెట్ ఫొటో తీసి స్నేహితురాలికి వాట్సాప్‌లో పంపినట్టు గుర్తొచ్చి, ఆ ఫొటో తేదీ చూసి రాసుకున్నాను. కరిగిన లవణాలు కొలిచిన మీటర్ కంపెనీ, మోడల్ ఏమిటో కనుక్కోవడానికి మళ్ళీ ల్యాబ్‌కి వెళ్ళాల్సి వచ్చింది. రిపోర్టు ఇంగ్లీషులో రాయాలి. నేను ఆలోచించేది తెలుగులో. 'నమూనాలు సేకరించబడినవి' లాంటి వాక్యాలు ఇంగ్లీషులో పేజీలకు పేజీలు రాసిపడేశాను. మేడమ్ ప్రతిదాని పక్కనా ఎర్ర పెన్నుతో ఒకటే ప్రశ్న: ఎన్ని మిల్లీలీటర్లు? ఎన్నిసార్లు? ఎన్ని నిమిషాలు?

ఇంకో విషయం, దశాంశాలు. కంప్యూటర్ ఇచ్చినట్టే 1.4673 అని ఎక్కించేశాను, చూడటానికి శాస్త్రీయంగా ఉంది కదా. "మన డొక్కు కలరీమీటర్‌కి అంత చూపుందా?" అని మేడమ్ చివరి మూడంకెలూ కొట్టేసి ఒక్క దశాంశానికి సవరించారు. 24 బోర్లకూ 1.5, 0.9, 0.6 లాంటి పొట్టి అంకెలే మిగిలాయి. నాకు మనసుకి కష్టంగానే అనిపించింది.

ఇక గ్రాఫు. అసలు కథ ఇక్కడుంది.

ఫ్లోరైడ్ విలువల్ని తక్కువ నుంచి ఎక్కువకు వరసగా పేర్చి కడ్డీల చిత్రం గీయమన్నారు. రాత్రి గీసి, రంగులు వేసి, పొద్దున్నే తీసుకెళ్ళాను. మేడమ్ టీ తాగుతూ చూశారు. కప్పు కింద పెట్టారు. మొదటి 15 బోర్లు మెట్లలాగా పైకి వెళ్తున్నాయి. చివరి తొమ్మిది మాత్రం ఎవరో కత్తిరతో కత్తిరించినట్టు దాదాపు ఒకే ఎత్తులో గోడలాగా నిలబడ్డాయి. అన్నీ 1.5, 1.6 దగ్గరే.

"ఇవి నీళ్ళేనా, ఫ్యాక్టరీలో చేశారా? తొమ్మిది బోర్లు ఒకే మాట మీద ఎలా ఉన్నాయి?"

నాకు అర్థం కాలేదు. ఆవిడే అడిగారు, "డైల్యూట్ చేశావా?"

చెయ్యలేదు. స్పాడ్‌న్స్ పద్ధతి లీటరుకు 1.4 మిల్లీగ్రాముల వరకే సరళరేఖలో నడుస్తుంది. అంతకు మించి ఫ్లోరైడ్ ఉంటే రంగు అప్పటికే చాలావరకు వెలిసిపోయి ఉంటుంది, ఇక వెలవడానికి పెద్దగా ఏమీ మిగలదు. కాబట్టి రెండున్నా నాలుగున్నా అటూ ఇటూగా ఒకేలా కనిపిస్తుంది. అలాంటప్పుడు పది మిల్లీలీటర్ల నమూనాను స్వేదనజలంతో 50కి పెంచి, వచ్చిన విలువను ఐదుతో గుణించాలి. ఈ మాట నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. ల్యాబ్‌లో మాత్రం, ఫ్లోరైడ్ ఎంతుందో తెలిసిన ద్రావణాలతో గీసుకున్న గీతను స్కేలుతో ఇంకాస్త పొడిగించి, అక్కణ్ణుంచి విలువ చదివేశాను. నోట్‌బుక్‌లో అంకెలు బోర్ల నంబర్ల వరసలో ఉన్నాయి కాబట్టి ఆ తొమ్మిదీ అక్కడక్కడ చెదిరిపోయి, ఎన్నిసార్లు చూసినా నాకు తప్పు కనపడలేదు. రిపోర్టు కోసం వరసగా పేర్చబట్టి బయటపడింది.

"ఫిబ్రవరి సీసాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి మేడమ్, మళ్ళీ చేస్తా" అన్నాను. ఫ్లోరైడ్ నమూనా 28 రోజుల లోపు చూడాలి, అప్పటికి రెండు నెలలు దాటింది. మళ్ళీ పట్టుకురావాల్సిందే.

ఆ సాయంత్రం బస్సులో నాకు వచ్చిన ఆలోచన దాచను. తొమ్మిది అంకెలే కదా. 1.5ని 2.3 చేస్తే, 1.6ని 3.1 చేస్తే ఎవరికి తెలుస్తుంది? గోడ కాస్తా మెట్లయిపోతుంది. మా బ్యాచ్‌లో ఒకరిద్దరు అసలు నమూనాలే తేకుండా పట్టికలు నింపారని నాకు తెలుసు. నన్ను ఆపింది గొప్ప నిజాయితీ ఏం కాదు. మా వీధి చివర 14వ బోరు నీళ్ళు మా పిన్ని వాళ్ళు తాగుతారు. దానికి ఏ అంకె వెయ్యాలో తోచలేదు, అంతే.

మేలో మళ్ళీ తిరిగాను. ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. తొమ్మిదిలో రెండు బోర్లు, 9, 18 నంబర్లవి, ఎండిపోయాయి. పంపు కొడితే గాలి తప్ప ఏం రాలేదు. 9వ బోరు అత్త నేనేదో తప్పు చేసినట్టు చూసి, "ఇప్పుడొస్తే ఎట్టా అమ్మే, వానలు పడ్డాక రా" అంది. మిగిలిన ఏడింటివి పట్టుకున్నాను. వాటితోపాటు ఫిబ్రవరిలో తక్కువ వచ్చిన మూడు బోర్ల నీళ్ళు కూడా తెమ్మన్నారు మేడమ్. ఎందుకంటే, మేలో విలువ పెరిగితే అది డైల్యూషన్ వల్ల పెరిగిందా, ఎండాకాలం వల్ల పెరిగిందా అని ఎవరైనా అడుగుతారు. ఆ మూడూ దాదాపు మారకుండా ఉంటే కొంతవరకైనా సమాధానం ఉంటుంది. తేడా 0.1, 0.2 దాటలేదు. ఈ ఉపాయం నాకు సొంతంగా తట్టేది కాదు.

ఏడు బోర్లూ 1.8 నుంచి 4.1 దాకా పరుచుకున్నాయి. 14వ బోరు 4.1. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళే లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థదీ 1.5. పాత పట్టికలో 14వ బోరు హద్దు మీద కాస్త అటుగా ఉన్నట్టు కనిపించింది.

పట్టికలో 9, 18 ఎదురుగా ఏం రాయాలన్నది ఇంకో తలనొప్పి. పాత అంకెలు తప్పని తెలుసు. కొత్తవి లేవు. ఆ రెండు వరసలు తీసేస్తే 22 బోర్ల ప్రాజెక్టు అని చెప్పుకోవచ్చు, చూడటానికి శుభ్రంగా ఉంటుంది. మేడమ్ ఒప్పుకోలేదు. కఠినత్వం, క్లోరైడ్ పట్టికల్లో 24 ఉన్నాయి, ఇక్కడా 24 ఉండాలి, ఆ రెండు గడులు ఖాళీగా వదిలి కింద కారణం రాయమన్నారు. ఆ కారణం రాయడానికి నాకు ఒక పూట పట్టింది. 'సాంకేతిక కారణాల వల్ల' అని రాశాను. కొట్టేశారు. 'కొన్ని అనివార్య కారణాల వల్ల' అన్నాను. మళ్ళీ కొట్టేశారు. చివరికి మిగిలింది ఇది: ఫిబ్రవరిలో డైల్యూట్ చేయకుండా చూసినందున ఆ విలువలు చెల్లవు, మేలో మళ్ళీ చూడబోతే బోర్లు ఎండిపోయాయి. ఆ వాక్యం టైప్ చేస్తుంటే చెవులు వేడెక్కాయి.

చర్చ అధ్యాయానికి వచ్చేసరికి నా దగ్గర మంచి అంకెలున్నాయి గానీ వాటి గురించి చెప్పడానికి మాట లేదు. ఇన్ని బోర్లు హద్దు దాటాయి, ఇన్ని దాటలేదు అని రెండు పేరాలు రాసి ఆగిపోయాను. మేడమ్ నా నోట్‌బుక్ అడిగి తీసుకుని తిరగేశారు. అంచుల్లో నేను గిలికిన కబుర్లు చదివి నవ్వడం మొదలుపెట్టారు. "ఈ నీళ్ళకి పప్పు ఉడకదు, రెండు గంటలు పొయ్యి మీద పెట్టినా రాళ్ళే", "సబ్బు నురగ రాదమ్మే", "మా బోరు తియ్యంగా ఉంటాది, పక్క వీధోళ్ళు కూడా వచ్చి పట్టుకుపోతారు."

"ఇవి రిపోర్టులో ఎందుకు లేవు?"

"అవి ఊరికే ఆడవాళ్ళు అన్న మాటలు మేడమ్."

ఆవిడ ఒక చూపు చూశారు. అప్పుడు కూర్చుని లెక్క తీశాం. పప్పు ఉడకదన్న బోర్లు 11. వాటిలో పదింటి కఠినత్వం లీటరుకు 600 మిల్లీగ్రాములు దాటి ఉంది. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్ళలో పప్పు మెత్తబడదు, సబ్బు నురగ రాదు, ఇది తెలిసిన సంగతే. ఒక్కటి మాత్రం 410 దగ్గరే ఉంది, అయినా ఉడకదన్నారు. ఆ ఇంటి పప్పే పాతదై ఉంటుందని మేడమ్ అన్నారు. బాగా ఉడుకుతుందన్న బోర్లు ఎనిమిది. మిగతావాళ్ళు ఏమీ అనలేదు. ఎనిమిదింట్లో ఏడు గ్రాఫులో గోడలా నిలబడ్డ ఆ తొమ్మిది బోర్లలోవే. ఊరంతా తియ్యటి నీళ్ళని చెప్పుకునే 14వ బోరుతో సహా.

నేను మొదట నమ్మలేదు. తర్వాత పుస్తకం తీస్తే కారణం కనిపించింది. మా కింద ఉన్నది గ్రానైటు జాతి రాయి, అందులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్ళలోకి దిగుతుంది. నీళ్ళలో కాల్షియం దండిగా ఉంటే ఆ ఫ్లోరైడ్ దానితో కలిసి కరగని కాల్షియం ఫ్లోరైడ్‌గా మారి అడుగుకు దిగిపోతుంది, నీళ్ళలో ఎక్కువ నిలవదు. కాల్షియం తక్కువున్న మెత్తటి నీళ్ళలో దానికి అడ్డు లేదు. పైగా ఫ్లోరైడ్‌కి రుచి ఉండదు. అంటే నాలుకకీ పప్పుగిన్నెకీ మంచివని తేలిన నీళ్ళే మా ఊళ్ళో ఎముకలకు ఎక్కువ చెరుపు చేస్తున్నాయి. కఠినత్వం అడ్డంగా, ఫ్లోరైడ్ నిలువుగా పెట్టి చుక్కలు గుర్తిస్తే ఎడమవైపు పైన ఒక గుంపు, కుడివైపు కింద ఒక గుంపు. పాత అంకెలతో కూడా గీసి చూశాను. ఏదో ఉందనిపిస్తుంది కానీ ఇంత తేటగా లేదు, 14వ బోరు అందరిలో కలిసిపోయింది. 24 బోర్లతో ఇది రుజువు అనకూడదని, ఇక్కడ ఇలా కనిపించింది అని మాత్రమే రాయాలని మేడమ్ హెచ్చరించారు. అలాగే రాశాను. పప్పు పట్టిక కూడా పెట్టాను, సంకోచిస్తూనే.

పరిచయం అప్పుడు రాస్తే నాలుగు పేజీల్లో అయిపోయింది. పాత పరిశోధనల కోసం వెతికేటప్పుడు ఒక తమాషా జరిగింది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది మా ప్రాంతంలోనే, 1937లో, అని అందరూ రాస్తారు. ఆ పాత వ్యాసం కోసం ప్రకాశం అని వెతికితే ఏమీ దొరకదు. ఎలా దొరుకుతుంది? ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో, అదీ మొదట ఒంగోలు జిల్లా పేరుతో. 1937లో మాది మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా. నెల్లూరు అని కొడితే దొరికింది. దాని వివరాలు చదువుతుంటే, మా తాత పుట్టకముందే ఎవరో డాక్టర్లు వచ్చి ఈ పళ్ళు, ఈ మోకాళ్ళు చూసి రాసి వెళ్ళారని తెలిసింది. దానిమీద ఒక పేజీ ఉద్వేగంగా రాశాను. మేడమ్ మూడు వాక్యాలు ఉంచారు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ ఆవిడ మీద కొంచెం కోపమే.

సూచనల భాగంలో ప్రభుత్వం తక్షణమే చర్యలు తీసుకోవాలి, ప్రజల్లో అవగాహన పెంచాలి అని పెట్టాను. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతి గురించి రెండు పేజీలు రాశాను. అది కొట్టేసి, "నువ్వు కొలిచినదాన్ని బట్టి నువ్వు చెప్పగలిగింది చెప్పు" అన్నారు. ఏ ఏడు బోర్ల నీళ్ళు తాగడానికీ వంటకీ వాడకూడదో నంబర్లతో రాశాను. కాచితే ఫ్లోరైడ్ పోదని, నీళ్ళు ఇగిరిపోయి ఇంకాస్త చిక్కబడుతుందని కూడా.

రిపోర్టు 34 పేజీలకు వచ్చింది. పోలిక ఏడు శాతం. బైండింగ్ షాపు వాళ్ళతో మళ్ళీ ఒక యుద్ధం. బంగారు అక్షరాల అట్ట మీద ఒకచోట అక్షరం తప్పు పడితే, "ఎవురు చూస్తారు మేడమ్" అన్నాడు షాపు కుర్రాడు. నాలుగు కాపీలూ మళ్ళీ చేయించాను, గడువుకి ఇంకా రెండు గంటలుందనగా. కృతజ్ఞతల పేజీలో ప్రిన్సిపాల్, హెచ్‌ఓడీ, గైడ్, అమ్మానాన్నలు, స్నేహితులు అందరూ ఉన్నారు. మేడమ్ చదివి, "బోర్ల లోతులు నీకెవరు చెప్పారు?" అన్నారు. మా ఊరి బోర్ మెకానిక్ బాబాయ్. ఏ బోరు ఎన్ని అడుగులో ఆయనకు నోటికి వచ్చు. ఆ పేరు చేర్చాను.

వైవాకి బయటినుంచి వచ్చిన సార్ పరిచయం తెరవనే లేదు. నేరుగా పట్టికలకు వెళ్ళారు. "24 బోర్లన్నావు, ఇక్కడ రెండు ఖాళీలేంటి?" చెప్పాను. ఎండిపోయినవి కాదు, అంతకుముందు నేను చేసిన తప్పు దగ్గర్నుంచి చెప్పాను. దాని మీదే పది నిమిషాలు గడిచాయి. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న గట్టిది. "మెత్తటి నీళ్ళలో ఫ్లోరైడ్ నిలుస్తుంది అంటున్నావు కదా, మరి ఆల్కలినిటీ ఎందుకు కొలవలేదు? బైకార్బొనేట్ సంగతి తెలియకుండా ఆ వాదన సగమే." నిజమే. నీళ్ళలోని బైకార్బొనేట్ లాంటివి ఎంత ఆమ్లాన్ని తట్టుకుంటాయో చూడటమే ఆల్కలినిటీ, ఒక బ్యూరెట్, కాస్త ఆమ్లం ఉంటే అయిపోయే పరీక్ష. మొదలుపెట్టేటప్పుడు నాకు ఆ వాదనే లేదు కాబట్టి తట్టలేదు. "కొలవలేదు సార్" అన్నాను. ఆయన తన కాగితం మీద ఏదో రాసుకున్నారు. పప్పు పట్టిక చూసి మాత్రం, "మా ఇంట్లో కూడా ఇదే గొడవ" అన్నారు.

బైండింగ్ చేసిన కాపీ ఇంటికి తెచ్చాక అమ్మ అట్ట నిమిరి చూసి, "ఇంతకీ ఏం రాశావే?" అంది. అది ఇంగ్లీషు. అప్పుడు తెల్ల చార్టు మీద తెలుగులో ఒక పెద్ద పట్టిక రాసి, బోరు నంబరు, ఎవరింటి ముందు, తాగొచ్చా వద్దా అని మూడే వరసలతో రచ్చబండ దగ్గర అంటించాను. 34 పేజీలకంటే ఆ ఒక్క చార్టుకి ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. పిన్ని వాళ్ళు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, వాళ్ళ బోరుకి పేరు చెడగొట్టానని. తర్వాత నీళ్ళ టిన్నులు వేయించుకోవడం మొదలుపెట్టారు.

అక్టోబరులో వానలు బాగా పడ్డాయి. ఒకరోజు 9వ బోరు అత్త ఫోన్ చేసింది. "అమ్మాయ్, చార్టులో మా బోరు కాడ ఏమీ రాయకుండా వదిలేశావు. నీళ్ళొచ్చాయి, సీసా తీసుకుని రా." అప్పటికి నేను ఒక జూనియర్ కాలేజీలో చెబుతున్నాను. పాత కాలేజీ ల్యాబ్‌లో మేడమ్‌ని అడిగి ఒక పూట కలరీమీటర్ వాడుకున్నాను. ఈసారి పదిని యాభై చేసి, ఐదుతో గుణించాను. 3.4 వచ్చింది. ఆల్కలినిటీ కూడా చూశాను, పనిలో పనిగా.

అత్తకు చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. బోరు దగ్గర బిందె కింద పెట్టి, దోసిట్లో నీళ్ళు పట్టుకుని తాగి చూసింది. "ఇంత తియ్యంగా ఉంటే నువ్వు చెప్పేది ఎట్టా నమ్మేదమ్మే" అంది.

ఇంటికొచ్చి నా కాపీలో 9 ఎదురుగా ఖాళీ గడిలో పెన్సిల్‌తో 3.4, అక్టోబరు అని వేశాను. పక్కన అంచులో అత్త అన్న మాట కూడా రాశాను. 18వ బోరులో ఇంకా నీళ్ళు రాలేదు.